సొరుగులో దాచిన బ్యాకప్

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న గదిలో ఈ సంభాషణ రికార్డు చేస్తున్నాం కాబట్టి, మధ్యలో కింది వీధి హారన్లు వినబడితే మన్నించండి. నేటి మా అతిథి ఇరవై ఏళ్ళుగా ఇక్కడి హోల్‌సేలు దుకాణాలకూ, గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారులకూ కంప్యూటర్లు అమర్చి బాగుచేస్తున్నారు. కొత్త కంప్యూటర్లు కావాలని ఎవరైనా పిలిస్తే, మీరు ముందుగా వారి బల్ల సొరుగు తెరవమంటారని విన్నాను. అది నిజమేనా అండీ?

అతిథి: నిజమేనండీ, అది బుడమేరు వరద తరవాత పట్టుకున్న అలవాటు. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌ను నీళ్ళు ముంచెత్తినప్పుడు, అక్కడ నేను చూసుకునే ఒక హోల్‌సేలు సరుకుల దుకాణం కూడా మునిగింది. నీళ్ళు తీశాక వెళ్ళేసరికి సీపీయూ లోపల బురద పేరుకుని ఉంది. యజమాని మాత్రం నిబ్బరంగా, "బ్యాకప్ ఉందిలెండి, మా గుమస్తా రోజూ రాత్రి తీస్తాడు" అన్నారు. తీసిన మాట వాస్తవమే. అయితే ఆ డిస్కును పెట్టింది అదే బల్ల కింది సొరుగులో. చెక్క ఉబ్బి బిగుసుకుపోయిన ఆ సొరుగును స్క్రూడ్రైవరుతో పెకలించి లాగితే, డిస్కు కంటే ముందు నీళ్ళు బయటకొచ్చాయి.

వ్యాఖ్యాత: అంటే లెక్కలన్నీ పోయినట్టేనా?

అతిథి: అన్నీ పోలేదు, కానీ పోకూడనివే పోయాయి. జూలై వరకు ఆడిటర్ గారి దగ్గర ఒక కాపీ ఉంది. ఆగస్టు కొనుగోళ్ళేమో, సరుకు అమ్మినవారు దాఖలు చేసిన బిల్లులను బట్టి జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్‌టీఆర్-2బీ అనే కొనుగోళ్ళ పట్టికలో దొరికాయి. కానీ ఏ కిరాణా కొట్టు ఎంత బాకీ ఉందో, ఎవరు ఏ రోజు ఎంత జమ కట్టారో ఏ పోర్టల్‌కూ తెలియదు కదా. ఆ నెల అరువు పద్దులన్నీ గుమస్తా జ్ఞాపకాన్నీ, వాట్సాప్ సందేశాలనూ, యూపీఐ జమలనూ పట్టుకుని తిరిగి రాశారు. ఆ లెక్కకు అందరూ ఒప్పుకోలేదు. వెనకటి చిట్టా, ఆవర్జాలనైతే ఇంటికి పట్టుకెళ్ళేవారు. కంప్యూటర్ వచ్చాక ఆ అలవాటు తప్పిపోయింది.

వ్యాఖ్యాత: ఇక కంప్యూటర్ల మార్పిడి సంగతి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పాత యంత్రాలు బాగానే నడుస్తున్నప్పుడు ఎందుకు మార్చాలని మా శ్రోతలు అడుగుతున్నారు.

అతిథి: అవి నడుస్తాయి, అందులో సందేహం లేదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు మాత్రం రాదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ ప్రపంచమంతటా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, అది చొరబడిన లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసి ఉంది. దానిని ఎక్కించుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. రెండు నెలల ఆలస్యానికే అంత నష్టం జరిగితే, మరమ్మతు ఎప్పటికీ రాని యంత్రం సంగతి మీరే ఊహించుకోండి. రుసుము చెల్లించి గరిష్ఠంగా మూడేళ్ళు పొడిగించుకునే వీలు సంస్థలకు ఉంది గానీ, ఆ రుసుము ఏటా రెట్టింపవుతుంది కాబట్టి నేను సాధారణంగా సలహా ఇవ్వను.

అలాగని అన్నిటినీ పాత సామాన్లవారికి వేయనక్కరలేదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. చాలా బోర్డులలో అది ఉండి కూడా, కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ యంత్రమైతే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పై ప్రాసెసర్ ఉంటే చాలు. ఈ రెండూ చూడకుండా పది యంత్రాలకు కొటేషన్ ఇచ్చేవారిని నేను నమ్మను. బిల్లులు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కోసం ఒక పాత కంప్యూటర్‌ను ఉంచుకోక తప్పకపోతే, దానికి ఇంటర్నెట్టూ, మిగతా యంత్రాలతో కనెక్షనూ లేకుండా ఉంచాలి.

వ్యాఖ్యాత: సింగ్‌నగర్ దుకాణంలో ఇప్పుడు ఏర్పాటు ఎలా ఉంది?

అతిథి: రెండు డిస్కులు వంతులవారీగా తిరుగుతాయి, ఒకటి దుకాణంలో ఉంటే, రెండోది పటమటలోని యజమాని ఇంట్లో ఉంటుంది. మూడో కాపీ క్లౌడ్‌లో ఉంటుంది. బ్యాకప్ పూర్తవగానే డిస్కు తీగ ఊడదీయాలని గట్టిగా చెప్పాను, ఎందుకంటే తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్ళకు కూడా రాన్‌సమ్‌వేర్ తాళం వేస్తుంది. ఇదంతా అయ్యాక, ఇంట్లో ఉన్న డిస్కును తెప్పించి వేరే కంప్యూటర్‌లో తెరవమన్నాను.

వ్యాఖ్యాత: తెరుచుకుందా?

అతిథి: లేదండీ. డిస్కు బాగానే ఉంది గానీ, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో డేటాకు తాళం వేసే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఒక్క గుమస్తాకే తెలుసు; ఆయనేమో ఆ రోజు తెనాలిలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నారు. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి రాబట్టే మార్గం లేదని అప్పటిదాకా యజమానికి తెలియదు. బాజాల హోరులో ఆయన ఫోన్‌లో ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే, యజమాని పాత బిల్లు వెనక రాసుకున్నారు. మూడోసారికి తెరుచుకుంది. ఇప్పుడు ఆ కాగితం కవరులో పెట్టి బ్యాంకు లాకరులో ఉంచారు. గుమస్తా పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ యజమాని స్వయంగా బ్యాంకుకు వెళ్ళి కాగితం మార్చి వస్తున్నారు.