కోనసీమలో రాక్ గార్డెన్: ఒక మొక్క కొని ముప్పై చేసుకోవడం ఎలా?

[దృశ్యం: పెరట్లో అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ, మధ్య మధ్య నల్లరాళ్లు]

నమస్కారమండీ. మా కోనసీమలో నిలువెత్తు గొయ్యి తవ్వినా గులకరాయి తగలదు. అంతా గోదారి మోసుకొచ్చిన ఒండ్రే. ఈ నల్లరాళ్లు గౌరీపట్నం వైపు క్వారీల నుంచి తెప్పించాం. ఆరు కోట్ల ఏళ్లు దాటిన లావా ఇది! లారీ బాడుగ కట్టాక మొక్కలు కొనే ఓపిక లేకపోయింది. అందుకే ఈ వీడియో.

ఫోన్లో కనిపించే రాక్ గార్డెన్లలో శాక్సిఫ్రేజ్ లాంటివి చలికొండల మొక్కలు. మన రోహిణి కార్తెకు అవి నిలవవు. మనకు బ్లూ డేజ్ ఉంది, విష్ణుక్రాంతకు దగ్గర చుట్టం. పాకే లాంటానా, టేబుల్ రోజ్, రెయిన్ లిల్లీ ఉన్నాయి. కడియం నర్సరీల్లో ఒక్కో రకం ఒక్కటి తెచ్చుకుంటే చాలు.

[దగ్గరగా: బ్లూ డేజ్ కొమ్మ, చేతిలో బ్లేడు]

పువ్వు లేని కొమ్మ చూసుకోండి. మరీ లేతది వద్దు, వంచితే కాస్త ఎదురు తిరగాలి. నాలుగు అంగుళాలు సరిపోతుంది. ఆకు పుట్టిన చోట ఈ బుడిపె కనిపిస్తోందా? అదే కణుపు. వేర్లు ఎక్కువగా ఇక్కడే పుడతాయి కాబట్టి దీనికి కొంచెం కింద కొయ్యాలి. కింది సగం ఆకులు తీసెయ్యండి. ఇసుకలో దిగిన ఆకు కుళ్లిందంటే కొమ్మా పోయినట్టే.

కొమ్మలు గుచ్చే ట్రేలో ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం. పొట్టును రెండు మూడు సార్లు కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది.

నిరుడు శ్రావణంలో నలభై కొమ్మలు గుచ్చి, పైన కవరు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. పది రోజులకి అడుగంతా నల్లటి జావ. మా అత్తగారు చూసి, "వరి అనుకున్నావేంటమ్మా, మడి కట్టావు?" అన్నారు. నిజమే. కోసిన చోటికి తడి ఎంత కావాలో గాలీ అంతే కావాలి. పొట్టు గుప్పిట పట్టి పిండితే ఒకటీ అరా చుక్క రావాలి, ధార కట్టకూడదు. ట్రే నీడలో పెట్టి, కవరు రోజూ కాసేపు తియ్యండి. మూడు వారాలకి మెల్లగా లాగి చూస్తే రాకుండా బిగుసుకుని ఉంటుంది. వేరు పట్టిందన్నమాట.

[దృశ్యం: నేల మీద పాకిన లాంటానా]

దీనికి నేల అంటు చాలు. కొమ్మను వంచి, కణుపు అడుగున గోరుతో గీకి, మట్టి కప్పి, పైన ఒక రాయి పెట్టండి. రాళ్లకి మనకేం కొదవ! నెలన్నరకి తల్లి నుంచి కోసెయ్యండి. ఇంట్లో ఆవులు, మేకలు ఉంటే మాత్రం లాంటానా జోలికి వెళ్లొద్దు, ఆకు వాటికి విషం.

టేబుల్ రోజ్ తుంచి, ఒక పూట నీడలో ఆరనిచ్చి గుచ్చితే వచ్చేస్తుంది. రెయిన్ లిల్లీ గుబురుగా పెరిగాక దుంపలు విడదీసి నాటుకోండి.

[దృశ్యం: దిబ్బ అంచు, గునపంతో తీసిన కోత]

మన బంకమట్టిలో నేరుగా నాటితే వానాకాలంలో వేర్లు మునిగిపోతాయి. అందుకే అడుగున ఇటుక ముక్కలు, పైన ఇసుక కలిపిన మట్టి వేశాం. తుపాన్ల భయం తగ్గాక, డిసెంబరులో నాటండి. చిన్న మొక్కల్ని రాయికి తూర్పున పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి వైపు ఈ నల్లరాయి మీద చెయ్యి పెట్టలేం, తూర్పున మాత్రం నీడ పడుతుంది.