పాత లుంగీ, పైజామా డే

శ్రోతలకు నమస్కారం.

శుక్రవారం బడిలో పైజామా డే అని సోమవారం సాయంత్రం ఫోనుకి మెసేజ్ వస్తుంది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలున్న ఇళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఎర్రరంగు రోజు, పసుపురంగు రోజు, పండ్ల రోజు ఎలాగో ఇదీ అలాగే. పిల్లలు రాత్రి పడుకునే బట్టలతోనే బడికి రావాలి. వీలైతే చంకలో ఒక చిన్న దిండో, బొమ్మో. మెసేజ్ చదవగానే ఇంట్లో ఒకరు బీరువా తలుపు తీస్తారు, ఇంకొకరు ఫోనులో కొత్త నైట్ సూట్లు వెతకడం మొదలుపెడతారు.

అన్నట్టు, పైజామా అన్నది పారశీక మాట. పాయ్ అంటే కాలు, జామా అంటే వస్త్రం. మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇప్పుడు వెనకాల ‘డే’ అని తోక తగిలించుకుని మన ఊళ్ళకి తిరిగొచ్చింది.

సరే, కొత్తది కొనాలా, వద్దా? ఇంట్లో ఒంటికి సరిపోయే జత ఒక్కటున్నా వద్దంటాను. రోజూ దేంతో పడుకుంటారో దాంతో రమ్మన్నారు. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ పాత జతే పిల్లకి హాయి.

ఉన్న జతని ఒకసారి పరచి చూడండి. చీలమండకి రెండంగుళాలు పైకి పోయినా ఇబ్బంది లేదు. పిక్క మధ్యకి పోయిందా, మోకాలి కింద కత్తిరించి మడిచి కుట్టండి, నిక్కరవుతుంది. ఎలాస్టిక్ సాగిపోయిందా, మార్చడం పావుగంట పని. కాళ్ళు రెండూ కలిసే చోట కుట్టు విడిపోయిందా, రెండు వరసలు మళ్ళీ కుట్టండి. వీటిల్లో ఏదీ కుదరకపోతేనే దుకాణం.

దుకాణానికి వెళ్తే పాత జతని సంచిలో వేసుకెళ్ళండి. నాలుగేళ్ళు, అయిదేళ్ళు అని చీటీ మీద ఉన్నదాన్ని నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. పాతదాన్ని కొత్తదాని మీద పరచి చూసుకోండి. బనియన్ గుడ్డయినా, మెత్తటి నూలయినా బాగుంటుంది. తళతళలాడే శాటిన్ చాలామటుకు పాలిస్టరే, చెమట పీల్చదు. ఇంకో సంగతి, గురువారం రాత్రి కొనకండి. కొత్త గుడ్డకి పెట్టిన గంజి ఒంటికి గరుగ్గా తగులుతుంది, అదనపు రంగు వదులుతుంది, నూలయితే మొదటి ఉతుకులోనే పొడవు తగ్గుతుంది. ఒక్క ఉతుకైనా పడాలి. అంటే మంగళవారానికల్లా కొనాలి.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇంకొకటుంది. నాన్న పాత గళ్ళ లుంగీ. ఆ లుంగీతో అయిదేళ్ళ పిల్లకో, పిల్లాడికో పైజామా ఒక్క సాయంత్రంలో కుట్టొచ్చు. మామూలు కుట్టు మిషన్ చాలు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, కొలతలు రెండేసి సార్లు చెబుతాను.

లుంగీ ఉతికి, ఇస్త్రీ చేసి, కిటికీకి అడ్డంగా పట్టుకోండి. అరిగిన చోట వెలుతురు ఎక్కువగా వస్తుంది. ఆ చోటుని వదిలేయండి. తక్కిన గుడ్డని రెండు బొటనవేళ్ళతో పట్టి గట్టిగా లాగండి. చిరగకపోతే జీవం ఉన్నట్టే. అంచులు కలిపి కుట్టిన లుంగీ అయితే ముందు ఆ కుట్టు విప్పండి.

గళ్ళ లుంగీయే ఎందుకంటే, రంగు నూలుతో నేసిన గళ్ళకి మంచివైపు, చెడ్డవైపు అని ఉండదు. మొదటిసారి కుట్టేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించడం. అచ్చు వేసిన గుడ్డయితే అది పారేయాల్సిందే. గళ్ళ లుంగీ అయితే ఒక ముక్కని తిరగేస్తే చాలు, కుడి కాలవుతుంది.

కొలత పిల్లని నిలబెట్టి తీసుకోవద్దు, కదులుతుంది. సరిపోయే పైజామా నుంచి తీసుకోండి. మళ్ళీ చెబుతున్నాను, కొలత పిల్ల నుంచి కాదు, పైజామా నుంచి. పాత వార్తాపత్రిక మీద నిలువుగా ఒక గీత గీయండి. పైజామాని ముందు భాగం బయటికి వచ్చేలా, కాలు మీద కాలు వేసి మడిచి, పక్క అంచు గీతకి ఆనించి, చుట్టూ గీయండి. నడుము దగ్గర ఎలాస్టిక్‌ని పూర్తిగా సాగదీసి పట్టుకోవాలి. లేకపోతే పైభాగం ఇరుకై తుంటి మీదుగా ఎక్కదు. ఇప్పుడు వెనక భాగం బయటికి వచ్చేలా మడిచి, గీతకి అవతలి వైపు అలాగే గీయండి. రెండూ కలిస్తే ఒక కాలు.

వెనక భాగం ముందు భాగం కన్నా అంగుళం ఎత్తుగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పెంచండి. రెండూ సమానంగా ఉంటే పిల్ల కింద కూర్చున్నప్పుడల్లా వెనక జారిపోతుంది. ఇంట్లో కుట్టిన పైజామాల్లో ఎక్కువ చెడేది ఇక్కడే.

గీసినదాని చుట్టూ కుట్టుకి అర అంగుళం వదలండి. పైన నడుము మడతకి ఒకటిన్నర అంగుళం. కింద రెండున్నర. పైన ఒకటిన్నర, కింద రెండున్నర. కింద ఎక్కువ ఎందుకంటే వచ్చే ఏడు కుట్టు విప్పి పొడవు దించుకోవచ్చు. అయిదేళ్ళ పిల్లకి సుమారుగా నడుము 21 అంగుళాలు, తుంటి 23, పైజామా పొడవు 25 ఉంటాయి. మడతలతో కలిపి ఒక్కో ముక్క 29 అంగుళాల పొడవు, బాగా వెడల్పైన చోట దాదాపు 20 అంగుళాలు. రెండు మీటర్ల లుంగీలో సగం పైచిలుకు సరిపోతుంది. రెండు కాళ్ళలోనూ గళ్ళు ఒకే ఎత్తులో రావాలంటే, కాగితం అడుగంచుని రెండుసార్లూ ఒకే రంగు చార మీద పెట్టండి.

ఇక కుట్టడం. ఒక్కో కాలికి లోపలివైపు కుట్టు ముందు వేయండి. రెండు గొట్టాలవుతాయి. ఒకదాన్ని తిరగేసి రెండోదాని లోపలికి దూర్చి, పై వంపుని ముందు నడుము నుంచి వెనక నడుము దాకా ఒక్క బిగిన కుట్టండి. దాని పక్కనే రెండో వరస వేయండి. పిల్లలు గొంతుక్కూర్చునేటప్పుడు బలమంతా అక్కడే పడుతుంది, ఒక్క వరస ఆగదు. వంపులో దారం తెగకుండా కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెడితే గుడ్డ ముడుచుకోదు.

నడుము దగ్గర అర అంగుళం, ఆపైన అంగుళం మడిచి కుట్టండి. వెనక వైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలండి, ఎలాస్టిక్ దూర్చడానికి. ఎలాస్టిక్ ముప్పావు అంగుళం వెడల్పుది తీసుకోండి. పొడవు మాత్రం అన్నం తిన్నాక పొట్ట కొలిచి తేల్చుకోండి, ఖాళీ కడుపుతో కొలిస్తే సాయంత్రానికి ఎర్రటి గీత పడుతుంది. నడుము 21 అయితే, రెండు తీసేసి 19, అతుకుకి ఒకటి కలిపి 20. పిన్నీసు గుచ్చి దూర్చండి, రెండో కొస లోపలికి జారిపోకుండా ఇంకో పిన్నీసుతో గుడ్డకి పట్టించండి. కొసల్ని ముడి వేయకండి, పడుకున్నప్పుడు వెన్నుకి గుచ్చుకుంటుంది. ఒకదాని మీద ఒకటి అంగుళం మేర పెట్టి చదరంగా కుట్టండి. ఖాళీ మూసేశాక రెండు పక్కలా నిలువుగా ఒక్కో కుట్టు వేస్తే లోపల ఎలాస్టిక్ మెలిక పడదు. వెనక వైపు రిబ్బను ముక్క ఒకటి కుట్టండి, ముందేదో వెనకేదో పిల్లకే తెలుస్తుంది. చివరగా, కాళ్ళ అడుగున వదిలిన రెండున్నర అంగుళాలూ లోపలికి మడిచి కుట్టండి. పైన మెత్తటి పాత టీషర్టు చాలు.

బొందు మాత్రం వద్దు. బడి బాత్రూములో అయిదేళ్ళ పిల్ల ముడి విప్పుకోలేదు. అడుగంచు మడమ కిందికి రాకూడదు, మెట్ల మీద తొక్కుకుని పడతారు.

వదులు నూలు బట్టకి నిప్పు త్వరగా అంటుకుంటుంది, పొద్దున్నే స్టవ్ దగ్గరా దీపం దగ్గరా పిల్లని తిరగనివ్వకండి. అమెరికాలో తొమ్మిది నెలలు దాటిన పిల్లల రాత్రి దుస్తులు మంటని తట్టుకునే గుడ్డవైనా కావాలి, ఒంటికి బిగుతుగానైనా ఉండాలని నియమం ఉంది. అక్కడున్న మన వాళ్ళు నూలు నైట్ సూట్ బిగుతుగా ఉందని ఒక సైజు పెద్దది కొంటుంటారు. ఆ బిగుతు కావాలని పెట్టిందే, సరిపోయే సైజే తీసుకోవాలి. ఈ లుంగీ పైజామా వాళ్ళు బడికి వేయొచ్చు, రాత్రి పడుకోవడానికి వద్దు.

కుట్టడం అయ్యాక ఒకసారి ఉతికి, గురువారం సాయంత్రం వేసి గంతులు వేయనివ్వండి. జారితే ఎలాస్టిక్ అర అంగుళం తగ్గించడానికి ఇంకా వేళ ఉంటుంది.

మిగిలిన లుంగీలో 13 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు ముక్క తీస్తే, 12కి 18 చిన్న దిండుకి గలీబు వస్తుంది. రెండు కొసలూ మడిచి కుట్టి, నాలుగంగుళాలు లోపలికి మూతలా మడిచి పక్కలు కుట్టేయండి. గుండీలు అక్కర్లేదు. లోపలి వైపు పిల్ల పేరు రాయడం మరిచిపోకండి, శుక్రవారం సాయంత్రానికి ఆ తరగతిలో దిండ్లన్నీ కలిసిపోతాయి.