మన్యం జ్వరం బెజవాడ వార్డుకొస్తే

డ్యూటీ డాక్టర్లకు, సిస్టర్లకు నమస్కారం.

విజయవాడలో వానాకాలం జ్వరమంటే అందరి నోటా మొదట వచ్చేది ప్లేట్‌లెట్ల మాట. డెంగీలోనే కాదు, మలేరియాలోనూ అవి పడిపోతాయి. కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు కామెర్లనుకుని పసరు మందుకు తీసుకెళ్తారు. ఈ రెండు దారుల్లోనూ పోయేది సమయమే. అందుకే కేస్ షీట్‌లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి: గత నెలలో పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు గానీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు గానీ వెళ్లొచ్చారా? దోమ కుట్టాక ఫాల్సిపారం (మలేరియాలో ప్రాణాపాయం ఎక్కువున్న రకం) జ్వరం సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, ఒక్కోసారి నెలకు బయటపడుతుంది.

మన్యంలో పుట్టి పెరిగినవాళ్లకు పదేపదే జ్వరం వచ్చి కొంత నిరోధకశక్తి ఉంటుంది. పనికో, విహారానికో వెళ్లొచ్చిన మన కోస్తావాళ్లకు అది ఉండదు. గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, ప్లీహం తీయించుకున్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త.

పరాన్నజీవి ముదిరిన ఎర్రకణాలు మెదడు, మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి. వేలి నుంచి తీసిన చుక్కలో అవి కనిపించవు. కాబట్టి స్మియర్‌లో (గాజుపలకపై పూసి మైక్రోస్కోపుతో చూసే రక్తపు చుక్కలో) పరాన్నజీవులు కొన్నే కనిపించాయని జబ్బు తేలికనుకోవద్దు. మొదటి పరీక్ష నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే 12 గంటలకోసారి మళ్లీ చేయించాలి.

ఫాల్సిపారం ఉండి స్పృహ తగ్గినా, 24 గంటల్లో రెండుసార్లకు మించి ఫిట్స్ వచ్చినా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 3 మి.గ్రా./డె.లీ. దాటినా, షుగర్ 40 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గినా అది తీవ్ర మలేరియానే. మాత్రలతో సరిపెట్టకూడదు. పెద్దల్లో ఎక్కువగా కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పిల్లల్లో రక్తహీనత, ఫిట్స్, షుగర్ పడిపోవడం ఎక్కువ.

మందు ఆర్టిసునేట్, నరంలోకి. 60 మి.గ్రా. పొడి వయల్‌లో దానితోపాటు వచ్చే 1 మి.లీ. సోడియం బైకార్బొనేట్ వేసి, ద్రవం తేటపడేదాకా ఊపాలి. తర్వాత 5 మి.లీ. సెలైన్ కలిపితే మిల్లీలీటరుకు 10 మి.గ్రా. వస్తుంది. మోతాదు కిలోకు 2.4 మి.గ్రా.; 50 కిలోల మనిషికి 120 మి.గ్రా., అంటే రెండు వయల్స్, 12 మి.లీ. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మి.గ్రా. మొదటి డోసు చేర్చుకున్న వెంటనే, తర్వాత 12, 24 గంటలకు, ఆపై రోజుకొకటి. కలిపిన మందు గంటలోపు వాడాలి. డ్రిప్ బాటిల్లో కలపొద్దు. రోగి తేరుకున్నా కనీసం 24 గంటలు ఇంజెక్షన్లు ఇచ్చి, మింగగలిగాక మూడు రోజుల ఏసీటీ (ఆర్టెమిసినిన్ రకం మందుతో మరో మలేరియా మందు కలిసిన మాత్రలు) పూర్తి చేయాలి. 2005లో వచ్చిన ఆసియా దేశాల పెద్ద అధ్యయనంలో మరణాలు పాత మందు క్వినైన్‌తో 22 శాతం, ఆర్టిసునేట్‌తో 15 శాతం. గర్భిణి అని వెనుకాడవద్దు. తీవ్ర జబ్బులో ఏ నెలలోనైనా ఇదే మందు.

మనం తరచూ తప్పు చేసేది సెలైన్ దగ్గర. మూత్రం తగ్గిందని బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మొదటి రోజు బాగున్న మనిషికి రెండో రోజు ఆయాసం మొదలైతే మొదట ఇన్‌టేక్, అవుట్‌పుట్ చార్ట్ చూడండి. క్యాథెటర్ పెట్టి గంట గంటకూ మూత్రం కొలవాలి. క్రియాటినిన్ పెరుగుతూ మూత్రం రాకపోతే నీళ్లు కట్టడి చేసి, డయాలసిస్ యూనిట్‌కు ముందే కబురు పెట్టాలి.

రోగి మత్తుగా ఉంటే సెరిబ్రల్ మలేరియా (మెదడుకు పాకిన మలేరియా) అని రాసేముందు వేలి చుక్కతో షుగర్ చూడండి. తక్కువుంటే పెద్దలకు 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నెమ్మదిగా ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. ఒకసారి సరిపోయింది కదా అని వదిలేస్తే అర్ధరాత్రి మళ్లీ పడిపోతుంది. స్పృహలేని రోగికి నాలుగు గంటలకోసారి పరీక్ష తప్పదు. గర్భిణుల్లోనూ, క్వినైన్ వాడినవారిలోనూ ఈ బెడద ఇంకా ఎక్కువ.

ఆర్టిసునేట్ వాడినవాళ్లలో కొందరికి ఒకటి నుంచి నాలుగు వారాల్లో ఎర్రకణాలు చితికి రక్తం తగ్గిపోతుంది. అప్పటికి జ్వరం ఉండదు, రోగి ఊరెళ్లిపోయి ఉంటాడు. డిశ్చార్జ్ కార్డు మీద 7, 14, 28 రోజుల హిమోగ్లోబిన్ పరీక్ష తేదీలు తెలుగులో, పెద్దక్షరాలతో రాసివ్వండి.