వంట వాసనే కదా అనుకుంటే

అందరికీ నమస్కారం.

బస్సుల పొగ, ఫ్యాక్టరీల పొగ అంటే అందరూ తలూపుతారు. హోటల్ వంటగది పొగ దగ్గరికొచ్చేసరికి "వంట వాసనే కదండీ" అని తేల్చేస్తారు. నా పేచీ ఆ మాటతోనే.

కాగే నూనెలో తడి సరుకు పడగానే చుయ్యిమంటుంది. అందులోని నీరు ఒక్కసారిగా ఆవిరై లేస్తూ నూనెను తుంపరలుగా పైకి ఎగజిమ్ముతుంది. బాగా వేడెక్కిన నూనె తానూ కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరి కాస్త పైకెళ్లి చల్లబడితే కంటికి ఆనని కణాలవుతుంది. వీటిలో చాలావరకు 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోయేవి. నూనె మాడినప్పుడు కళ్లు మండుతాయి చూడండి, అది మాడిన నూనెలోంచి వచ్చే అక్రోలీన్ అనే ఘాటు వాయువు పని. నిప్పుల మీద మాంసం కాలిస్తే కొవ్వు కారి, సగం సగం కాలి, బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారక రసాయనాలను కూడా పొగలో కలుపుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎక్కువ వేడి మీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగను "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది. ఆ పొగ ముందుగా తగిలేది వంటమాస్టరుకే. వీధిలోవాళ్లది ఆ తర్వాతి వంతు.

"మాకు ఫిల్టర్ ఉందండీ" అంటారు యజమానులు. హుడ్‌లోంచి (పొయ్యి పైన పొగను లాగే గొడుగు లాంటిది) బ్యాఫిల్ ఫిల్టర్, అంటే గాలిని వంపులు తిప్పే రేకుల ఫిల్టర్, తీసి, కారుతున్న జిడ్డు చూపిస్తారు కూడా. నిజమే, పట్టింది. కానీ పట్టింది పెద్ద బొట్లనే. గాలి వంపు తిరిగినప్పుడు బరువైన బొట్టు తిరగలేక రేకుకు అంటుకుంటుంది. సన్నటి కణం గాలితోపాటే తిరిగి బయటపడుతుంది. గొట్టంలో జిడ్డు పేరుకుని మంట అంటుకోకుండా ఆ ఫిల్టర్ చాలావరకు కాపాడుతుంది. ఊపిరితిత్తులను కాపాడే పని దానిది కాదు.

సన్నటి కణాలను పట్టాలంటే వాటికి విద్యుదావేశం ఇచ్చి లోహపు పలకలకు అంటుకునేలా చేసే యంత్రం కావాలి. వాసన వాయువుల రూపంలో ఉంటుంది కాబట్టి దానికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాయువులను పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు, కావాలి. ఈ కార్బన్ చివర్లోనే ఉండాలి, ముందు పెడితే జిడ్డు పట్టి కొద్ది రోజుల్లోనే పనికిరాకుండా పోతుంది. (పొగగొట్టంలో సెంటు స్ప్రే చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకేం చెప్తాం!) పలకలకూ జిడ్డు మందంగా పట్టిందంటే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, పొగ మాత్రం యథాతథంగా బయటికి పోతుంది.

చట్టాలు లేకపోలేదు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1997లోనే గొలుసు మీద మాంసాన్ని నడిపించి కాల్చే పెద్ద గ్రిల్లులకు పొగ తగ్గించే పరికరం తప్పనిసరి చేశారు. అంతకంటే ఎక్కువ పొగ వదిలే మామూలు నిప్పుల గ్రిల్లులను ఆ నిబంధనలో చేర్చలేదు. వాటికి సరిపడే పరికరం ఖర్చు ఎక్కువన్నది అప్పటి వాదన.

కాబట్టి తనిఖీకి వెళ్లే అధికారులకు నా విన్నపం ఒకటే. యంత్రం బిల్లు అడగడం మానేసి, పలకలు చివరిసారి ఎప్పుడు కడిగారో రాసిన పుస్తకం అడగండి. హుడ్ పొయ్యికి నాలుగువైపులా కాస్త బయటికి వచ్చి ఉందో లేదో, పక్క తలుపు గాలి పొగను హుడ్ అందుకోకముందే లాగేస్తోందో లేదో అక్కడే నిలబడి చూడండి. వంటమాస్టరును కూడా ఒక మాట అడగండి, యజమాని పక్కన లేనప్పుడు.