సీలు వేసిన మగ్గాలు: యజమానుల సంఘాల సంగతి

శ్రోతలకు నమస్కారం.

1931వ సంవత్సరం. హుగ్లీ నది ఒడ్డున కలకత్తా జనపనార మిల్లులు. షెడ్డులో నూరు మగ్గాలుంటే పదిహేను ఆగిపోయి ఉన్నాయి. చెడిపోయి కాదు, వాటికి సీలు వేశారు. వేసింది సర్కారూ కాదు, అప్పిచ్చిన బ్యాంకూ కాదు. మిల్లు యజమానులు తమకు తాము పెట్టుకున్న సంఘమే వేయించింది. మిగిలిన ఎనభై అయిదు మగ్గాలు కూడా వారానికి 40 గంటలకు మించి ఆడకూడదు.

ప్రపంచమంతా మాంద్యం. గోనెసంచి ధర పడిపోయింది. మిల్లులన్నీ నేత తగ్గిస్తే ధర నిలబడుతుందని అందరికీ తెలుసు. కానీ పక్క మిల్లు తగ్గించి నేను మాత్రం ఎప్పటిలాగే నేస్తే నిలబడిన ధరా నాదే, పెరిగిన అమ్మకమూ నాదే. ఈ లెక్క ప్రతి యజమానికీ వస్తుంది. అందుకే ఇచ్చిపుచ్చుకున్న మాట చాలక సీలు దాకా వెళ్లారు.

యజమానుల సంఘమంటే కార్మికుల మీద కత్తి కట్టిన కూటమి అనుకోవడం మామూలే. అందులో నిజం లేకపోలేదు, ఆ కథా చెప్పుకుందాం. కానీ ఇలాంటి సంఘం కార్యదర్శి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడే తంటాలో సగం పైగా సొంత సభ్యులతోనే.

జనపనార మిల్లుల సంఘం పుట్టింది 1884లో. రెండేళ్లు తిరక్కుండానే, 1886లో, పని రోజులు తగ్గించుకునే మొదటి ఒప్పందం కుదిరింది. అది 1891 దాకా సాగింది. ధర పడినప్పుడల్లా మళ్లీ ఒప్పందం, ధర లేచినప్పుడల్లా మళ్లీ చీలిక. అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఒప్పందం ధరను నిలబెట్టేసరికి, సంఘంలో చేరకుండా కొత్త మిల్లు పెట్టేవాడికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది? చేరినవాళ్ల మగ్గాలకు సీలు, చేరనివాళ్ల మగ్గాలకు అదనపు గంటలు! 1930ల్లో ఈ బయటి మిల్లుల పోటీకి తట్టుకోలేక సంఘం ప్రభుత్వం తలుపు తట్టింది. 1938లో బెంగాల్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో పని గంటలకు హద్దు పెట్టింది. మన నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు జూట్ మిల్లుల చుట్టుపక్కల పెరిగిన శ్రోతలకు సైరను తగ్గితే ఇంట్లో ఏం తగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పని గంటలకు కోత పడితే మిల్లుకు ధర నిలిచిందేమో గానీ, కార్మికుడికి కూలి పోయింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఛాంబర్ ఆఫ్ కామర్స్ వేరు, యజమానుల సంఘం వేరు. ఛాంబర్‌లో వర్తకుడు, బ్యాంకరు, రవాణాదారు అందరూ ఉంటారు. పన్నులు, రైల్వే కిరాయిలు, ఎగుమతి దిగుమతులు దాని విషయాలు. యజమానుల సంఘం మాత్రం కూలి ఇచ్చేవాళ్లది. జీతం, పని గంటలు, బోనసు, తొలగింపు, సమ్మె, లాకౌట్ దాని పరిధి. జనపనార సంఘంలాంటివి రెండు పాత్రలూ వేశాయి.

మన దేశంలో తొలి పెద్ద సంఘం బొంబాయి మిల్లు యజమానులది, 1875 నాటిది. ఫ్యాక్టరీ చట్టం గురించి అప్పుడే చర్చ మొదలైంది. బొంబాయి గుడ్డ చౌకగా రావడం ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు కంటగింపుగా ఉండేది. 1896లో మన మిల్లు గుడ్డ మీద మూడున్నర శాతం ఎక్సైజ్ సుంకం పడింది. దాని మీద యజమానులు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు, ఫలితం లేదు. 1925లో వ్యాపారం దెబ్బ తినగానే సంఘం జీతాల్లో పదకొండున్నర శాతం కోత ప్రకటించింది. సెప్టెంబరులో లక్షన్నర మంది పనిలోంచి బయటికి వచ్చేశారు. రెండు నెలలు దాటింది. డిసెంబరు మొదట్లో వైస్రాయ్ ఎక్సైజ్ సుంకాన్ని నిలిపివేశాడు, యజమానులు కోత ఎత్తేశారు. ముప్ఫై ఏళ్ల అర్జీలు చేయలేని పని కార్మికుల ఆకలి చేసిపెట్టింది. లాభం ఎవరి ఖాతాలో పడిందో మీరే లెక్క వేసుకోండి.

బొంబాయికి ఇంకో తలనొప్పి ఉండేది. ఒకే రకం మగ్గం, ఒకే రకం గుడ్డ, గోడకు ఇవతల ఒక కూలి, అవతల ఇంకో కూలి. దీంతో మంచి నేతగాడు నెలకో మిల్లు మారేవాడు. అన్ని మిల్లులకూ ఒకే కూలి పట్టిక ఉండాలని సంఘం పథకం తయారుచేసింది. 1928 సార్వత్రిక సమ్మె తర్వాత అది ప్రభుత్వం వేసిన ఫాసెట్ విచారణ కమిటీ ముందుకు వెళ్లింది. ఒకే పట్టిక అంటే కొందరు యజమానులు పెంచాలి, కొందరు కార్మికులకు తగ్గుతుంది, ఎవరికీ ఇష్టం లేదు. చివరికి 1947లో పారిశ్రామిక న్యాయస్థానం తీర్పుతో గానీ అది కొలిక్కి రాలేదు.

అహ్మదాబాద్ తీరు వేరు. అక్కడ మిల్లు యజమానుల సంఘం 1891లో ఏర్పడింది. 1917లో ప్లేగు వస్తే జనం ఊరు వదిలి పారిపోకుండా ప్లేగు బోనసు ఇచ్చారు. వ్యాధి తగ్గగానే బోనసు ఆపేస్తామన్నారు. యుద్ధం వల్ల ధరలు మాత్రం తగ్గలేదు. నేతగాళ్లు పెంపు అడిగారు. గాంధీ లెక్కలు చూసి 35 శాతం న్యాయమన్నాడు, యజమానులు 20 దాటమన్నారు. 1918 ఫిబ్రవరి 22న లాకౌట్. యజమానుల వైపు ముందు నిలిచింది అంబాలాల్ సారాభాయి, కార్మికుల వైపు ఆయన సొంత అక్క అనసూయా సారాభాయి. మార్చి 15న గాంధీ నిరాహారదీక్ష పట్టాడు. మూడో రోజుకు రాజీ కుదిరింది.

ఆ రాజీ లెక్క చూడండి. మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20, మూడో రోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా ఇరవై ఏడున్నర. ఇరవై రూపాయల జీతం మీద చెబితే ఇరవై ఏడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదున్నర. మొదటి రోజు కార్మికుల శపథం నెగ్గింది, రెండో రోజు యజమానుల పంతం నెగ్గింది, ఆ తర్వాత రెంటికీ సగం. మధ్యవర్తి ఆనందశంకర ధ్రువ ఆఖరికి 35 శాతమే ఇచ్చాడు. 1920లో శాశ్వత మధ్యవర్తిత్వ మండలి పెట్టుకున్నారు: కార్మికుల తరఫున గాంధీ, యజమానుల తరఫున సేఠ్ మంగళదాస్ గిరిధర్‌దాస్. ఇద్దరికీ పొసగకపోతే మూడో మనిషి. మిల్లులన్నీ ఒక్క గొంతుతో మాట్లాడతాయన్న నమ్మకం లేకపోతే ఇలాంటి ఏర్పాటు ఒక వారం కూడా నిలవదు.

మద్రాసులోనూ అదే కాలం. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది, 1920లో దక్షిణ భారత యజమానుల సమాఖ్య. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వచ్చాక ఇంకో అవసరం ఏర్పడింది. ఆ సభకు ప్రతి దేశం నుంచీ ప్రభుత్వానికి ఇద్దరు, యజమానులకు ఒకరు, కార్మికులకు ఒకరు ప్రతినిధులు. ఆ ఒక్క యజమాని ఎవరు? ఇక్కడా చీలికే. 1932లో భారతీయ పెట్టుబడిదారుల సంస్థ ఒకటి, 1933లో బొంబాయిలో యజమానుల సమాఖ్య ఇంకోటి. స్వాతంత్ర్యం వచ్చి తొమ్మిదేళ్లు గడిచాక, 1956లో గానీ ఉమ్మడి మండలి ఏర్పడలేదు.

ఇక చట్టం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం నిర్వచనం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. యజమానికీ కార్మికుడికీ మధ్య, కార్మికుడికీ కార్మికుడికీ మధ్య, యజమానికీ యజమానికీ మధ్య సంబంధాలను క్రమబద్ధం చేసే ఏ కూటమి అయినా ట్రేడ్ యూనియనే. అంటే యజమానుల సంఘం కూడా యూనియన్‌గానే నమోదు కావచ్చు. దాని స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ మాట అలాగే ఉంది.

వివాదం వస్తే చిన్న మిల్లు యజమానికి సంఘం దేనికి పనికొస్తుంది? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలోకీ ఆ కోడే వచ్చింది) ప్రకారం, ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, అంటే రాజీ అధికారి, ముందు వకీలు రాకూడదు. ట్రిబ్యునల్ ముందుకు రావాలన్నా అవతలి పక్షం ఒప్పుకోవాలి, ట్రిబ్యునల్ అనుమతి ఇవ్వాలి. సంఘం అధికారి మాత్రం సభ్యుడి తరఫున కూర్చోవచ్చు. కూర్చోవాలంటే యజమాని సంతకం చేసిన అధికార పత్రం చేతిలో ఉండాలి. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. భాగస్వామ్య సంస్థలో అధికారం లేని భాగస్వామి సంతకం పెడతాడు. చందా బాకీ పడి సభ్యత్వం ఎప్పుడో పోయి ఉంటుంది. అవతలి యూనియన్ మొదటి వాయిదాలోనే అభ్యంతరం లేవదీస్తుంది. ఇవతల సర్దుకునేలోగా వాయిదాలు గడిచిపోతాయి.

చందా సాధారణంగా కార్మికుల సంఖ్య మీదో, జీతాల మొత్తం మీదో, నూలు మిల్లుల్లో కదుళ్ల లెక్క మీదో వేస్తారు. పెద్ద మిల్లు ఎక్కువ కడుతుంది కాబట్టి జీతాల పట్టిక తనకు అనువుగా ఉండాలంటుంది. ఆ జీతం ఇస్తే మూసుకోవాల్సిందేనని చిన్న మిల్లు అంటుంది. యూనియన్ ముందు కూర్చోకముందే ఈ బేరం తేలాలి. తేలకుండా కూర్చుంటే అవతలివాళ్లు మొదటి రోజే పసిగట్టేస్తారు.

సంతకాల దగ్గర ఇంకో తేడా. యజమాని, యూనియన్ తమలో తాము చేసుకున్న ఒప్పందం సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. రెండో యూనియన్ మర్నాడే కొత్త వివాదం లేపవచ్చు. రాజీ అధికారి సమక్షంలో జరిగితే ఆ సంస్థలో ఇప్పుడున్నవాళ్లకూ రేపు చేరేవాళ్లకూ కట్టుబాటే. గడువు రాయకపోతే ఆరు నెలలు. గడువు తీరినా, రాతపూర్వకంగా రెండు నెలల నోటీసు ఇచ్చేదాకా నడుస్తూనే ఉంటుంది. పట్టిక మార్చాలనుకుంటే అంతకు ముందే నోటీసు పెట్టాలి. మరిచిపోయిన సంస్థలు పాత పట్టికతోనే నెట్టుకురావాల్సి వస్తుంది.

జీతాల మీద కలిసి బేరమాడడం చట్టబద్ధం. ఉత్పత్తి తగ్గించుకుందాం, ధర నిలబెడదాం అని సంఘం గదిలో కూర్చుని అనుకోవడం మాత్రం కాదు. 2002 నాటి పోటీ చట్టం అలాంటి ఒప్పందాలను నిషేధించింది. ఆ నిబంధనలు 2009 మే నుంచి అమల్లో ఉన్నాయి. 1931 నాటి సీళ్లు ఇవాళ పడితే జరిమానా ఖాయం.

అందుకే పరిశ్రమ మొత్తానికీ ఒక ఒప్పందం కుదిరినప్పుడు, అనుభవమున్న కార్యదర్శి జీతాల పట్టిక కన్నా ముందు చివరి పేజీ తిప్పుతాడు. అక్కడ జతచేసిన సభ్య మిల్లుల జాబితా ఉంటుంది. ఏ మిల్లు పేరు లేదో, ఏ పేరుకు ఎదురుగా సంతకం ఖాళీగా ఉందో వేలు పెట్టి చూసుకుంటాడు. సెలవు.