రెండు కుక్కలు, రెండు పిల్లులు: పిడుదుల మందుల్లో ఏది గిట్టుబాటు?

నమస్కారమండీ. ఇంట్లో ఒక్క కుక్కే ఉంటే పిడుదుల మందు ఖర్చు పెద్దగా తెలీదు. నాలుగు జీవాలుంటే మాత్రం నెలనెలా చురుక్కుమంటుంది. అందుకే ఇవాళ మూడు రకాలు బల్ల మీద పెట్టాం: నమిలే మాత్ర, మెడ మీద వేసే చుక్కల మందు, ఒళ్లు తడిపే అమిట్రాజ్.

ముందు లెక్క. డబ్బా ధరని పనిచేసే రోజులతో భాగించండి. ఫ్లురలానర్ మాత్ర 12 వారాలు, అంటే 84 రోజులు. ఫిప్రోనిల్ చుక్కలు నెల. అమిట్రాజ్ వారం, మహా అయితే రెండు వారాలు. ఇలా చూస్తే ఖరీదనుకున్న మాత్ర అంత ఖరీదేం కాదు.

మాత్రలో దెబ్బతినేది బరువు దగ్గరే. 10 నుంచి 20 కిలోలకి 500 మిల్లీగ్రాములు, 20 నుంచి 40కి 1000. కుక్కని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. పెద్ద మాత్ర కొని రెండు కుక్కలకి చెరిసగం చేస్తుంటారు మనోళ్లు. వద్దండీ, విరిచి వెయ్యొద్దని కంపెనీయే చెబుతోంది. అన్నం తిన్నాకే ఇవ్వండి, ఖాళీ కడుపున మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఫిట్స్ వచ్చే కుక్కయితే డాక్టరుగారిని అడక్కుండా ఇవ్వొద్దు.

చుక్కల మందు. ఇదిగో, దగ్గరగా చూడండి: భుజాల మధ్య జుట్టు పాయ తీస్తే చర్మం కనబడాలి, ట్యూబు మూతి చర్మానికి ఆనాలి. జుట్టు మీద పోస్తే అక్కడే అంటుకుపోతుంది. ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం లేదు. కాబట్టి రోజూ పంట కాలువలో దూకే కోనసీమ కుక్కకి ఇది డబ్బు దండగే, ఆయ్.

పిల్లుల సంగతి వేరు. కుక్కల చుక్కల మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, ఆ ట్యూబు పిల్లికి ఒక్క చుక్క కూడా తగలకూడదు. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. వణుకు, ఫిట్స్, చివరికి ప్రాణమే పోతుంది. ఆ మందేసిన కుక్కని నాకినా ప్రమాదమే. అమిట్రాజ్ కూడా పిల్లులకి పనికిరాదు. పిల్లులకని రాసున్న ఫిప్రోనిల్, అర మిల్లీలీటరు ట్యూబు, అంతే.

అమిట్రాజ్ 12.5 శాతం మందైతే లీటరు నీళ్లకి 4 మిల్లీలీటర్లు. చేతికి గ్లౌజులు, మళ్లీ కడగకుండా ఆరనివ్వడం. మిగిలిన నీళ్లు కాలువలోనో, రొయ్యల చెరువు గట్టునో పారబోశారా, పక్కవాళ్లతో తగువే. చేపలకీ రొయ్యలకీ అది విషం.

ఇన్ని వేసినా మళ్లీ ఎందుకొస్తాయి? రక్తం తాగిన ఆడ పిడుదు కిందపడి గోడ పగుళ్లలో, నవారు మంచం మూలల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఒక కుక్కకి ఇవాళ, ఇంకోదానికి వచ్చే నెల వేస్తే రెండు ఖర్చులూ గంగపాలే. అన్నింటికీ ఒకే రోజు వేయాలి, ఆ పగుళ్లు కూడా పూడ్చాలి. వదిలేస్తే పిడుదులు అంటించే ఎర్లికియా జబ్బు: జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కులోంచి రక్తం. అప్పుడు రక్త పరీక్షలు, 28 రోజుల డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్. మందు ఖర్చు దాని ముందు దిగదుడుపే.

మా తీర్పు: కాలువ కుక్కకి మాత్ర, గుమ్మం దాటని కుక్కకి చుక్కలు, పిల్లులున్న ఇంట్లో అమిట్రాజ్ వద్దే వద్దు.

ఖర్చు తగ్గించుకునే చోటు ఇంకోటుంది. జూలై 6, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినాన ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అక్కడ మిగిలిన డబ్బు లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు) కలిసిన టీకాకి పెట్టండి. వరిచేలల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగే కుక్కకి అది ఏటా పడాల్సిందే.