బ్రష్షు లేకుండా ఒక బొమ్మ: గైతొండే దారిలో

నమస్కారం. ఈ రోజు మనం బ్రష్షు ముట్టుకోకుండా బొమ్మ వేయబోతున్నాం. బల్ల మీద ఏమున్నాయో చూడండి. ప్లైవుడ్ పలక మీద నాలుగు అంచులా మాస్కింగ్ టేపుతో అతికించిన మందపాటి వాటర్‌కలర్ కాగితం, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే చిన్న రోలరు, ఒక ప్యాలెట్ నైఫ్ (రంగు పరచడానికీ గీకడానికీ వాడే మొద్దు కత్తి), నీటితో కలిపే, త్వరగా ఆరే అక్రిలిక్ రంగులు రెండు, గిన్నెలో నీళ్లు, పాత వార్తాపత్రిక. కాగితాన్ని నిలువుగా పెట్టాను. అడ్డంగా పెడితే కన్ను వెంటనే అందులో నేలనూ ఆకాశాన్నీ వెతుక్కుంటుంది.

ఈ పద్ధతికి మూలం చిత్రకారుడు వాసుదేవ్ గైతొండే. 1924లో నాగపూర్‌లో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1948లో డిప్లొమా పూర్తి చేశారు. తొలి రోజుల్లో మనుషుల బొమ్మలు వేసిన ఆయన క్రమంగా ఆకారాలన్నింటినీ వదిలేశారు. 1960ల నుంచి ఆయన చేతిలో బ్రష్షు స్థానాన్ని రోలరూ ప్యాలెట్ నైఫూ ఆక్రమించాయి. జెన్ బౌద్ధం, రమణ మహర్షి, బొంబాయికి చెందిన అద్వైత గురువు నిసర్గదత్త మహారాజ్ బోధలు ఆయన్ను లోతుగా ఆకట్టుకున్నాయి. తన చిత్రాలను నైరూప్యం అంటే ఒప్పుకునేవారు కాదు. నైరూప్యమంటే ఒక వస్తువుతో మొదలుపెట్టి దాని రూపాన్ని కరిగించడం. ఆయన చిత్రంలో కరిగించడానికి మొదట వస్తువే లేదు.

రోలరు ఎందుకో చెప్పాలి. ఈ విషయం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన చేతికి ఒక వాలు ఉంటుంది. సంతకం చేసినట్టే బ్రష్షు పట్టుకున్న ప్రతిసారీ మణికట్టు ఒకే రకంగా తిరుగుతుంది. మనసుకు తోచినట్టు వేశాను, ఎంతో స్వేచ్ఛగా వేశాను అని మనం సంతోషపడతాం. పది బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నింటిలోనూ అదే వంపు, అదే విసురు కనిపిస్తుంది. దాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు. అది అలవాటు. రోలరుకు మణికట్టు విసురు తెలియదు. నా చేతివాలును అది తుడిచేస్తుంది. తుడిచేశాక కాగితం మీద మిగిలింది ఎవరిది? ‘నేను ఎవరు?’ అని అరుణాచలంలో రమణులు అడగమన్న ప్రశ్నను నేను పుస్తకంలో చాలాసార్లు చదివాను. అది నాకు మొదటిసారి తగిలింది మాత్రం ఈ రోలరు పట్టుకున్న రోజునే.

సరే, పనిలోకి వెళ్దాం. ముందు పది నిమిషాలు ఖాళీ కాగితం ముందు కూర్చోండి. వీడియో ఇక్కడ ఆపి నిజంగానే కూర్చోండి. గైతొండే ఏడాదికి ఐదారు చిత్రాలకు మించి వేసేవారు కాదు. కాలంలో ఎక్కువ భాగం చూడటానికీ ఆలోచనకీ వెళ్లేది. ఆ పది నిమిషాల్లో ‘సముద్రం వేద్దాం’, ‘సూర్యుణ్ణి వేద్దాం’ అని మనసు సలహాలు ఇస్తుంది. రానివ్వండి. దేన్నీ పట్టుకోకండి.

కూర్చున్నారా? ఇప్పుడు మొదటి పొర. యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు రంగును కొద్దిగా నీటితో పలుచన చేసి, రోలరుతో పై నుంచి కిందికి కాగితమంతా పరిచాను. పూర్తిగా ఆరనివ్వాలి. అక్రిలిక్ కాబట్టి ఇరవై నిమిషాలు చాలు. గైతొండే వాడింది తైలవర్ణాలు. అవి ఆరడానికి రోజులు పడుతుంది కనుక పొరకూ పొరకూ మధ్య నిరీక్షణ ఆయనకు తప్పనిసరి. మనకు తప్పనిసరి కాదు కాబట్టి కావాలని పాటించాలి. తొందరపడి తడి మీద తడి వేస్తే రెండు రంగులూ కలిసి బురదలా అవుతాయి.

రెండో పొర బర్న్ట్ అంబర్, అంటే ముదురు గోధుమ రంగు. ఇది వేసే ముందు ఫ్యాను కట్టేయండి, లేకపోతే మన పని పూర్తికాకముందే రంగు బిగుసుకుపోతుంది. కాగితం మొత్తం ఒకేసారి వేయకుండా, ఇదిగో, ఈ పై మూడో వంతు మాత్రమే వేస్తున్నాను. తడిగా ఉండగానే చింపిన పత్రిక ముక్కను దాని మీద పరిచి, అరచేతితో మెల్లగా అద్ది, వెంటనే లేపాలి. చూశారా, ముక్క తనతోపాటు అంబర్‌ను కొంత తీసుకుపోయింది. కింద ఉన్న ఓకర్ వెలుగులా బయటికి వచ్చింది. ఇలా అద్ది తీయడం గైతొండే చిత్రాల్లో కీలకమైన పని. ముక్కను నిమిషంపాటు వదిలేస్తే అతుక్కుపోయి చిరుగుతుంది. అచ్చు సిరా దిగుతుందని అనుమానం ఉంటే పత్రిక అంచున ఉండే తెల్లని భాగాన్ని చింపి వాడండి. కత్తెర వద్దు, చింపిన అంచులోని మెత్తదనం కత్తెరకు రాదు.

మిగతా రెండు భాగాలూ ఇలాగే. అంబర్ మరీ మందంగా నిలిచిన చోట ప్యాలెట్ నైఫ్‌ను పడుకోబెట్టి ఒక్కసారి లాగండి, చాలు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, తప్పకుండా వస్తుంది. నా కాగితంలో ఎడమ వైపు ఈ మరక చూడండి. నాకు పక్షిలా కనిపిస్తోంది. ఇప్పుడు దానికి ముక్కు పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. ఆ లాగడాన్ని గమనించండి. పేరు లేనిదాని ముందు మనసు ఎంత ఇబ్బంది పడుతుందో అక్కడ తెలుస్తుంది. నాకైతే ఈ సాధనలో అన్నిటికంటే విలువైన క్షణం అదే. పలకను తలకిందులుగా తిప్పి చూడండి, పక్షి చాలావరకు మాయమవుతుంది. అప్పటికీ పోకపోతే ఆ చోటు ఆరాక పలుచని ఓకర్ పొర ఒకటి రోలరుతో నడిపించండి.

ఎప్పుడు ఆపాలని నా విద్యార్థులు అడుగుతుంటారు. ఇంకొక్క ముక్క అద్దితే బాగుంటుందని అనిపించిన ప్రతిసారీ రోలరు కింద పెట్టి, గది అవతలి గోడ వరకు వెళ్లి అక్కడి నుంచి చూడండి. అంత దూరం నుంచి కూడా అదే చోటు పిలిస్తే తిరిగి వచ్చి అద్దండి. పిలవకపోతే బొమ్మ పూర్తయింది. మొదట్లో నేను అలా నడవకుండా పొర మీద పొర వేసి మంచి కాగితాలు ఎన్నో పోగొట్టుకున్నాను.

టేపును ఇప్పుడే పీకవద్దు. రాత్రంతా ఆరనివ్వండి. ఉదయం టేపును కాగితానికి దూరంగా, ఏటవాలుగా లాగి తీసి, బొమ్మను కిటికీ వెలుతురులో నిలబెట్టండి. వెనక తేదీ రాయండి. పేరు మాత్రం పెట్టకండి, గైతొండే కూడా తన చిత్రాలకు ఎక్కువగా పేర్లు పెట్టలేదు.